వెనక్కి తిరగని బండివాడు

కాశీవిశ్వనాథానికి కలలు రావు. చిన్నప్పటి నుంచీ అంతే. తల దిండు మీద వాలిందంటే దీపం ఆర్పేసినట్టే, మళ్లీ తెల్లారాకే వెలుగు. ఆ మధ్యలో జనం ఏవేవో చూస్తారని, చచ్చిపోయినవాళ్లతో మాట్లాడతారని, గాల్లో ఎగురుతారని, ఎప్పుడో పాసైన పరీక్షలు మళ్లీ తప్పుతారని అతను విన్నాడే గాని ఎరగడు. అందరికీ పంచిన సొత్తు తనకొక్కడికే అందలేదన్న ఉక్రోషం కూడా లోలోపల ఉంది. అందుకే ఎవరైనా "నాకో కల వచ్చింది" అంటే చాలు, చేతిలో పని పక్కన పడేసి కూర్చుంటాడు.

శబరి ఒడ్డున, రాష్ట్రం అంచున ఉన్న కోంటాలో అతన్ని కాశి సేటు అంటారు. ఆ పిలుపు తప్ప అతనిలో సేటు లక్షణాలు వెతికినా దొరకవు. తండ్రికి బజారు వీధిలో దుకాణం ఉండేది. అడవిలో నుంచి చింతపండు, ఇప్పపువ్వు వచ్చేవి, దుకాణంలో నుంచి ఉప్పు, నూనె, బట్టలు వెళ్లేవి. పెద్దకొడుకు తక్కెడ ముందు కుదురుగా కూర్చున్నాడు. చిన్నవాడు కాశికి మాత్రం కాలు నిలిచేది కాదు. గోనె పట్టా మీద కూర్చోబెడితే పావుగంటలో వీధి చివర లారీ ఎక్కి హారన్ కొడుతూ కనిపించేవాడు. విసిగిపోయిన తండ్రి చివరికి భద్రాచలం వైపు నుంచి ఒక పాత పికప్ కొనిచ్చి, "పో, నీ తిరుగుడు ఏదో దీని మీద తిరుగు" అన్నాడు. అది జరిగి చాలా కాలమైంది. తండ్రి పోయాడు, పికప్ రంగు పోయింది, కాశి నెత్తి మీద జుట్టు కూడా పోయింది. తిరుగుడు మాత్రం పోలేదు.

కాగితాల్లో అది సరుకుల బండి. సంత నాడు మాత్రం సరుకుల పైన మనుషులు, మనుషుల ఒళ్లో కోళ్లు. లోపలి ఊళ్ల నుంచి దోర్లా తెగ ఆడవాళ్లు గంపలతో ఎక్కుతారు, సాయంత్రం ఖాళీ గంపలతో తిరిగి వస్తారు. ఇంట్లో తెలుగు, చెక్‌పోస్టు దగ్గర హిందీ, బండి వెనక దోర్లీ, జగ్దల్‌పూర్ వైపు వాళ్లు వస్తే హల్బీ. ఏ భాషలో తిట్టినా కాశి అర్థం చేసుకుంటాడు, ఏ భాషలోనూ తిరిగి తిట్టడం చేతకాదు. అతని బండికి గిరాకీ తగ్గకపోవడానికి సగం కారణం అదే.

ఆ ఎక్కేవాళ్లలో ఇప్పలగూడ హుంగే ఒకతి. ముసలిది, బక్కపలచటిది, మాట మాత్రం కత్తెర. ఎప్పుడూ క్యాబిన్‌కి వీపు ఆనించి, వెనక కిటికీ ఊచల పక్కనే కూర్చునేది. సంత నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఊరు దాటకముందే కళ్లు మూతలు పడేవి. తన గుడిసెలో ఆమెకు నిద్ర పట్టదు. పట్టినా అది కోడికునుకు, దానికి కల అందదు. బండిలో మాత్రం పిలిచినట్టు వచ్చేది నిద్ర, నిద్ర వెంట కల. కలలో ఎప్పుడూ ఆమె మొగుడు బుధ్రా. వాళ్లిద్దరూ ఎడ్లబండి మీద సంతకు పోతూ ఉంటారు.

హుంగేకు తనదంటూ ఒక నియమం ఉంది. బండి మీద వచ్చిన కల బండి దిగకముందే చెప్పెయ్యాలి. చెప్పకుండా కాలు నేల మీద పెడితే కల బండిలోనే ఉండిపోతుందట, తర్వాత ఎక్కినవాళ్లు దాన్ని తొక్కుతారట. ఇది దోర్లా వాళ్లందరి ఆచారమేమో అని కాశి మొదట అనుకున్నాడు. హుంగే పక్కింటి దేవేని అడిగితే ఆమె నోరు నొక్కుకుని నవ్వింది. "మాకు గట్లాంటిదేం లేదు సేటు. అది ముసల్దాని సొంత కానూన్" అంది.

సొంతమైనా అరువైనా ఆ కానూను కాశికి తెగ నచ్చింది. ఇప్పలగూడ రాగానే వెనక తలుపు దించి నిలబడేవాడు. హుంగే అంచు మీద కూర్చుని, కాళ్లు గాల్లో వేలాడేసి చెప్పేది.

"ఎర్ర ఎద్దు, తెల్ల ఎద్దు కట్టుకోని వచ్చిండు. ఎక్కు అన్నడు, ఎక్కిన. ఎన్క కూసున్న. గంప ఒళ్లె పెట్టుకున్న. ఇటు తిరుగయ్యా అన్న. తిరగలె."

"ఎందుకు తిరగడు అవ్వా?"

"బండి తోలేటోడు ఎన్కకు తిరిగితే ఎడ్లు దారి తప్పుతయంట. బతికున్నప్పుడు గూడ గదే ముచ్చట. పెళ్లయిన కొత్తల గూడ నాకు వీపే చూపిచ్చిండు."

బండిలో ఉన్నవాళ్లంతా నవ్వేవాళ్లు. హుంగే కూడా నవ్వేది. కాని ఒకసారి, అందరూ దిగిపోయాక, గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "మొఖం మసకైతాంది సేటు. ముక్కు యాదికున్నది. కండ్లు యాదికి లేవు. ఒక్కపారి ఇటు తిరిగితే చాలు, చూసుకుంట." బుధ్రా జ్వరంతో పోయిన రోజుల్లో ఇప్పలగూడలో ఫోటో అనే వస్తువే లేదు. అతని మొహం ఈ లోకంలో ఉంటే ఆ ముసలిదాని తలలోనే ఉండాలి, అక్కడా చెరిగిపోతోంది.

కాశి ఆ కలల్ని ఇంటికి మోసుకెళ్లేవాడు. గుమ్మంలో చెప్పులు విడవకముందే భార్య జ్ఞానప్రసూన అడిగేది, "ఇవాళైనా తిరిగాడా?" కాశి తల అడ్డంగా ఊపేవాడు. "రాయి మనిషి" అని బుధ్రాను తిట్టుకుంటూ ఆమె అన్నం వడ్డించేది. తను ఎన్నడూ చూడని, ఎప్పుడో చచ్చిపోయిన మనిషి మీద ఆమెకు నిజంగానే కోపం. సంత నాటి రాత్రి వాళ్లింట్లో భోజనం ఆ కోపంతోనే రుచిగా ఉండేది.

అలా సాగుతుండగా మొన్నటి వానల్లో వాగు రోడ్డును కోసేసిన చోట ముందు చక్రం ధబ్బున దిగబడింది. ఆ దెబ్బకు నిద్రలో ఉన్న హుంగే లేచి ఇనప అంచు మీద పడింది. నడుము పట్టేసింది. నెల తిరిగినా మంచం దిగలేదు. దిగాక కూడా సంతకు రాలేదు, ఆమె చింతపండు దేవే తెచ్చి అమ్ముతూ వచ్చింది.

"అవ్వ ఎప్పుడు వస్తది?" అని కాశి ప్రతి సంతకూ అడిగేవాడు.

"రాదంట సేటు. కల కోసమని నడుము ఇరగ్గొట్టుకుంటనా అంటాంది. అన్నంక మూల కూసోని ఏడుస్తాంది."

హుంగే అతన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. బండి వెనక కిటికీ దగ్గర ఆ చోటు ఖాళీగా కనిపించినప్పుడల్లా కాశి చూపు పక్కకు తిప్పుకునేవాడు. ఇంట్లో జ్ఞానప్రసూన అడగడం మానేసింది. చివరికి ఒక ఉదయం అతను ఎవరికీ చెప్పకుండా సుక్మా వైపు బండి తిప్పాడు.

సుక్మాలో గవర్రాజు షెడ్డు ఉంది. విజయనగరం వైపు మనిషి, కిరండూల్‌లో గనుల పెద్ద బళ్ల మీద పని నేర్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నోరు పెద్దది, చెయ్యి మంచిది. పికప్‌ని జాకీల మీదకి లేపి, ముందు చక్రాలు ఊడదీసి, కిందికి దూరి, దూరినంత వేగంగా బయటికి వచ్చాడు.

"ఏంటండీ సేటుగారూ ఇది? కమాను పట్టీలా, రోకలిబండలా? దీని మీద జనాన్ని ఎక్కిస్తన్నారా? బస్తాలకి నోరుంటే అవి కూడా కేసు పెట్టేవండీ."

అతను చెప్పింది ఇదీ. పాత యజమాని ఎవడో బరువు ఆగాలని ముందు చక్రాల మీద కుదుపు తగ్గించే కమానులకు ఒక్కో పట్టీ అదనంగా బిగించాడు. అవన్నీ తుప్పుపట్టి ఒక్కటే దిమ్మగా కరుచుకుపోయాయి. వంగాల్సిన పట్టీ వంగదు కాబట్టి గోతిలో పడ్డ ప్రతి దెబ్బా ఉన్నది ఉన్నట్టు పైకి వస్తుంది. షాకబ్జార్లలో నూనె ఎప్పుడో కారిపోయింది. రబ్బరు బుష్షుల చోట రబ్బరు లేదు, దాని జ్ఞాపకం ఉంది.

"మీకు ఎలా కావాలో చెప్పండి. బరువుకా, సుఖానికా?"

"ముసలమ్మ పడుకోవాలి" అన్నాడు కాశి. "నిద్ర చెడిపోకూడదు."

గవర్రాజు ఒక నిమిషం అతని మొహంలోకి చూశాడు. "మీ అమ్మగారాండీ?"

"కాదు" అన్నాడు కాశి.

పట్టీల్ని బిగించిన యూ బోల్టులు విప్పితే రాలేదు, కోసి తియ్యాల్సి వచ్చింది. పాత దిమ్మలు నేల మీద పడ్డప్పుడు షెడ్డంతా మోగింది. వాటి చోట కొత్త రకం పట్టీలు ఎక్కాయి. సంఖ్యలో తక్కువ, పొడుగ్గా ఉన్నాయి, మధ్యలో మందంగా ఉండి చివరలకు వచ్చేసరికి పలచబడ్డాయి. ఒకదాన్నొకటి రాసుకోకుండా మధ్యలో సందు ఉంది. కొత్త బుష్షులు, కొత్త షాకబ్జార్లు పెట్టి, చక్రాలు వంకర లేకుండా సరిచూశాడు. సాయంత్రం ఎండ షెడ్డులోకి అడ్డంగా పడే వేళకి గవర్రాజు బానెట్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి వదిలాడు. బండి ముందు భాగం మెల్లగా దిగి, మెల్లగా లేచి, ఆగిపోయింది. నిద్రపోతున్న బిడ్డ ఊపిరి పీల్చి వదిలినట్టే ఉంది. కాశి ఆ నొక్కడం తనూ చేసి చూశాడు, ఇంకోసారి చేశాడు. గవర్రాజు వద్దనకపోతే చీకటి పడేదాకా చేసేవాడే.

మర్నాడే ఇప్పలగూడ వెళ్లాడు. హుంగే వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది.

"అవ్వా, బండికి కొత్త కాళ్లు పెట్టిచ్చిన. సంతకు రా."

"మళ్ల నడుము ఇరిగితే?"

"నేను మోస్త."

"నువ్వా?" ఆమె అతన్ని బొజ్జ నుంచి పైకి చూసింది. "నిన్ను మోయనీకే నలుగురు కావాలె." అని నవ్వింది. సంత నాడు గంపతో వచ్చి ఎక్కింది. ఎప్పటి చోటే, కిటికీ ఊచల పక్కనే.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఒక విచిత్రం జరిగింది. ఆ బండిలో ఎవరూ బయటికి చూసి ఊరు గుర్తుపట్టరు. అందరూ అలిసి కునుకుతూనే వస్తారు. ఎవరి ఊరికి వాళ్లకో కుదుపు ఉంది. కల్వర్టు దగ్గర ఎగిరిపడితే ఒకరి ఊరు, చింతచెట్ల మలుపులో పక్కకు ఒరిగితే ఇంకొకరి ఊరు. ఒంటికి తగిలే దెబ్బను బట్టి నిద్రలోనే చెయ్యి లేచి క్యాబిన్ మీద దబదబా బాదేది. కాశి ఆ బాదుడు విని బ్రేకు వేసేవాడు. ఇప్పుడు కుదుపే లేదు. చెయ్యి లేవలేదు. బండి నీళ్ల మీద పోయినట్టు పోతోంది, ముందు అద్దంలో ఆకాశం ఎర్రబడి నీలం అవుతోంది, ఎవరూ బాదడం లేదు గనక కాశి ఆగడం లేదు. రోడ్డు పని ఆగిపోయిన చోట కంకర కుప్ప ఎదురయ్యేదాకా అతనికి తెలివి రాలేదు.

దిగి వెనక్కి వెళ్లి చూస్తే అందరూ ఒకరి మీద ఒకరు వాలి గాఢనిద్ర. కోళ్లు కూడా. అతను తలుపు దించిన చప్పుడుకు దేవే లేచి చుట్టూ చూసింది.

"ఏంది సేటు, మా ఊరు ఏడ పెట్టినవ్?"

ఆ తర్వాత వచ్చిన తిట్లలో మూడు భాషలు కలిశాయి. కాశి కిక్కురుమనకుండా బండి తిప్పి, ఊరూరా ఆపి, అందర్నీ దించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా లోపల సంబరంగానే ఉంది. ఇంత నిద్రపోయింది కదా, హుంగే ఎంత కల కని ఉంటుందో అనుకున్నాడు. ఇప్పలగూడలో తలుపు దించి నిలబడ్డాడు. హుంగే అంచు దాకా జరిగి, ఆగకుండా, నేరుగా కాలు కింద పెట్టేసింది.

"కల?" అన్నాడు కాశి.

"రాలె సేటు. నిద్ర వచ్చింది. మంచి నిద్ర." గంప తీసుకుని వెళ్లిపోయింది.

మరుసటి సంతకూ అంతే. ఆ పై సంతకూ అంతే. నడుముకు నొప్పి లేదు, సుఖంగా వస్తున్నానంది. ఆ సుఖం మాట ఆమె నోట వింటుంటే కాశికి ఎవరో చెంప మీద కొట్టినట్టుండేది. ఒకనాడు దిగాక ఆమె తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది. "ఎడ్లు వస్తలేవు సేటు" అంది. "ఇప్పుడు ముక్కు గూడ యాదికొస్తలేదు."

ఆ మాటతో కాశికి అర్థమైంది. బుధ్రాను ఇన్నాళ్లూ తీసుకొచ్చింది ఆ తుప్పు దిమ్మలే. ఆ కుదుపులే ఎడ్లబండి. మంచి చేస్తున్నాననుకుని చచ్చిన మనిషిని రెండోసారి చంపాడు తను. దారిలోనే బండి ఆపి గవర్రాజుకు ఫోన్ చేశాడు. పాత పట్టీలు మళ్లీ ఎక్కిస్తావా అని అడిగాడు.

"పాతవాండీ? అవెప్పుడో తుక్కు కింద పోయాయండీ" అన్నాడు గవర్రాజు. "ఉన్నా ఎక్కించను. మీ మతేమన్నా పోయిందాండీ? ముసలమ్మ నడుం మాటేంటి?"

కాశి ఫోన్ పెట్టేశాడు. కల ఇస్తే నడుము పోతుంది, నడుము నిలిపితే కల పోయింది. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని కెలుకుతూ ఉండిపోయాడు. జ్ఞానప్రసూన చాలాసేపు చూసి, కంచం పక్కకు జరిపి, చెప్పమంది. అంతా చెప్పాడు. ఆమె మోకాలి మీద గడ్డం ఆనించుకుని ఆలోచించింది.

"ఏవండీ, ఆయన పోయేనాటికి ఈ తారు రోడ్డు ఉందా?"

"లేదు. శబరి ఒడ్డు పక్కన ఎడ్లబండ్ల బాట ఉండేది."

"మరి ఆయనకు ఈ రోడ్డు ఎలా తెలుస్తుంది? ఇన్నాళ్లూ మీ బండి దడదడలు విని అదేదో ఎడ్లబండి అనుకుని వెతుక్కుంటూ వచ్చేవాడు. ఇప్పుడు మీరు పిల్లిలా పోతున్నారు. ఆయన ఆ పాత బాట మీదే ఎడ్లు కట్టుకుని ఎదురుచూస్తూ ఉంటాడు. ఆయన్ని రమ్మనడం దేనికి? మీరే అటు వెళ్లండి."

కాశి ఆమె వంక తెల్లబోయి చూశాడు. కలలు వచ్చేవాళ్లకు ఇలాంటివి తెలుస్తాయి కాబోలు.

ఇప్పపూలు రాలే రోజులు అవి. సంత ముగిసి బండి నిండాక, ఊరు దాటిన చోట కాశి తారు రోడ్డు వదిలి ఎడమకు తిప్పాడు. ఆ బాట మీదకి పాత పట్టీలతో అతను ఎప్పుడూ రాలేదు, వస్తే బండికి బండి విరిగేది. రెండు చక్రాల చాళ్లు, మధ్యలో గడ్డి. ఒక పక్క శబరి నీళ్లు చెట్ల సందుల్లో మెరుస్తున్నాయి.

"ఏంది సేటు, మళ్ల దారి తప్పినవా?" దేవే వెనక నుంచి అరిచింది.

"తప్పలె. పండుకో."

గేరు తగ్గించి, ఎద్దు నడిచే నడకకు దించాడు. చాలులోకి చక్రం దిగినప్పుడు కొత్త పట్టీలు నెమ్మదిగా వంగాయి, రాయి ఎక్కినప్పుడు నెమ్మదిగా లేచాయి. దెబ్బ లేదు. బండి ఒకసారి ఇటు ఒరిగి, ఒకసారి అటు ఒరిగి, ఊగుతూ పోతోంది. ఇప్పపూల మత్తు వాసన కిటికీలో నుంచి వచ్చి ఒళ్లో కూర్చుంది. పొద్దు గుంకి, నేల మీద వెలుతురు ఎక్కడి నుంచి వస్తోందో తెలియని వేళ. వెనక మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కిటికీ ఊచల అవతల హుంగే తల ఒకవైపు వాలిన చప్పుడు అతనికి వినిపించింది. వెనక్కి తిరిగి చూడాలని మెడ లాగింది. బాట ఇరుకు, పక్కన ఏరు. తిరగలేదు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తూ తోలాడు.

ఈసారి ఎవరూ బాదకుండానే ఎవరి ఊరి పొలిమేరలో వాళ్లను లేపి దించాడు. హుంగేను మాత్రం కదపలేదు. ఇప్పలగూడ వచ్చింది. దేవే దిగి పక్కన నిలబడింది. కాశి తలుపు దించి పట్టుకుని చూస్తూ ఉన్నాడు.

హుంగే కళ్లు తెరిచింది. అంచు దాకా జరిగింది. కాళ్లు బయటికి వేసి, గాల్లోనే ఆపింది.

"సేటూ, ఆగు. చెప్పాలె."

"వచ్చిండా అవ్వా?"

"వచ్చిండు. ఎర్ర ఎద్దు, తెల్ల ఎద్దు. నేను ఎన్క కూసున్న. చూస్తే ఆయన ముంగట లేడు. నా పక్కన కూసున్నడు, గంప అవతల. ఏందయ్యా, బండి ఎవరు తోల్తున్నరు అన్న. సేటు తోల్తున్నడు గద, నాకేం పని అన్నడు. అని ఇటు తిరిగిండు."

దేవే నోటి మీద చెయ్యి వేసుకుంది.

"కండ్లు చిన్నయి సేటు. నవ్వితే మూసుకపోతయి. దారి పొడుగునా నవ్విండు. దారి పొడుగునా చూసుకున్న." కన్నీళ్లు ముడతల వెంట కారుతుంటే తుడుచుకోలేదు. "గీ కండ్లు నేనెట్ల మర్చిపోయిన?"

జన్మలో ఒక్క కలా కనని మనిషి, ఇంకొకరి కలలోకి వెళ్లి బండి తోలి వచ్చాడు. అతనికి ఏడుపూ వచ్చింది, చిన్నపిల్లాడి ఆశా పుట్టింది.

"అవ్వా, నేను ఎట్లున్న? కలల?"

హుంగే జాలిగా చూసింది అతని వైపు.

"నీ మొఖం కనపడలె సేటు. నువ్వు ఎన్కకు తిరగలె."

అప్పుడు కాలు కింద పెట్టింది.